అచ్చం ఆనాటి బండే!

పాత బండికి కొత్త రంగు ఎవరైనా వేస్తారు. అది పుట్టినప్పుడు ఏ రంగులో ఉందో కనుక్కుని, మళ్లీ ఆ రంగే వేయడం... అదీ అసలు పని! ఎనభై, తొంభై ఏళ్లనాటి ఇంగ్లిష్ మోటార్‌సైకిల్‌ను ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా తీర్చిదిద్దాలంటే మెకానిక్ పనితనం ఒక్కటే చాలదు. చరిత్ర చదవాలి, నంబర్లతో కుస్తీ పట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా... ఎక్కడ ఆగాలో తెలియాలి.

అది 2003 సెప్టెంబరు 16. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ శివార్లలోని నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం. ఎవరో ఆర్పకుండా పారేసిన సిగరెట్ ముక్క రాజుకుంది. చూస్తుండగానే మంటలు కప్పుకు పాకాయి. ఆ రోజు అక్కడ సమావేశాలకు వచ్చినవాళ్లు, సిబ్బంది కలిసి చేతికందిన బండినల్లా బయటికి నెట్టుకొచ్చారు. అయినా అయిదు హాళ్లలో మూడింటిని అగ్ని మింగేసింది. మూడొందలకు పైగా బండ్లు కాలిపోయాయి. నార్టన్, ట్రయంఫ్, బీఎస్ఏ, విన్సెంట్, వెలాసెట్... ఒకప్పుడు ప్రపంచాన్ని ఊపేసిన పేర్లన్నీ ఆ బూడిదలో ఉన్నాయి.

అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కార్బ్యురెటర్ చేసే జింకు మిశ్రమానికైతే అంత వేడి కూడా అక్కర్లేదు. అంతటి మంటల్లో చిక్కుకున్న బండిలో ఇక మిగిలేదేముంటుంది? వంగిపోయిన ఇనుప ఫ్రేము, ముద్దయిపోయిన ఇంజిన్ తప్ప!

అయినా మ్యూజియం స్థాపకుడు రాయ్ రిచర్డ్స్ వెనక్కి తగ్గలేదు. ఏడాది దాటి రెండు నెలలు గడిచేసరికి, 2004 డిసెంబరులో మ్యూజియం తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. అప్పటికే కాలిన బండ్లలో చాలావాటికి మళ్లీ రూపం వచ్చింది. 1984లో ఆ మ్యూజియం మొదలైనప్పటి నుంచీ అక్కడ ఒకటే నియమం. అక్కడ నిలబెట్టే ప్రతి బండీ దాన్ని తయారుచేసిన కంపెనీ మొదట చెప్పిన కొలతలతో, అవే భాగాలతో, అదే రంగులో ఉండాలి. సొంత కవిత్వం కుదరదు!

వినడానికి బాగానే ఉంది. కానీ ఒక్క క్షణం ఆలోచిస్తే చిక్కుముడే. భాగాలు సగం మారిపోయాక అది పాత బండేనా? అసలు 'ఒరిజినల్' అంటే ఏమిటి? ప్రపంచమంతటా పాత బండ్ల ప్రేమికులను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. దీనికి సమాధానం తెలియాలంటే ఒక బండిని దగ్గరగా చూడాలి.

మోడల్ ఒక్కటే... రంగులే వేరు!

బీఎస్ఏ ఎం20. పేరు కొత్తగా అనిపించినా, ఈ బండిని రెండో ప్రపంచయుద్ధం సినిమాల్లో చాలామంది చూసే ఉంటారు. తలకు హెల్మెట్, భుజానికి సంచీ తగిలించుకుని ఉత్తరాలు పట్టుకెళ్లే సైనికుడు ఎక్కే బండి అది. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే కంపెనీగా 1861లో పుట్టిన బీఎస్ఏ, 1910లో మోటార్‌సైకిళ్లలోకి వచ్చింది. అందుకే కంపెనీ గుర్తుగా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు ఉంటాయి. ఎం20 అమ్మకానికి వచ్చింది 1937లో. ఒకటే సిలిండర్, 496 సీసీ. 82 మిల్లీమీటర్ల బోరు, 94 మిల్లీమీటర్ల స్ట్రోకు. వేగం అంతంతమాత్రమే. నేల నుంచి పెద్ద ఎత్తు కూడా లేదని మొదట్లో సైన్యం పెదవి విరిచింది. కానీ ఏ గుంతలో పడేసినా లేచి నడిచేది, ఎవరు విప్పినా బాగయ్యేది. దాంతో యుద్ధం ముగిసేలోగా సైన్యం కోసం ఒక్క బీఎస్ఏనే సుమారు లక్షా ఇరవై ఆరు వేల ఎం20లు తయారుచేసింది!

ఇప్పుడు అలాంటి బండి ఒకటి తుప్పుపట్టి దొరికిందనుకుందాం. దానికి ఏ రంగు వేయాలి?

'మిలటరీ బండి కదా, ఆకుపచ్చ' అనేస్తే పప్పులో కాలేసినట్టే. యుద్ధం తొలినాళ్లలో వేసింది పచ్చదనం కలిసిన ఖాకీ. ఆ తర్వాత ఆకుపచ్చ రంగుకు కావాల్సిన క్రోమియం ఆక్సైడ్‌కు కొరత వచ్చింది. దాంతో సైన్యం మట్టిలాంటి గోధుమ రంగుకు మారింది. 1944లో మళ్లీ ఆలివ్ ఆకుపచ్చ. ఎడారికి పంపిన బండ్లకు ఇసుక రంగు. అంటే ఆ బండి ఏ సంవత్సరంలో తయారైందో, ఎక్కడికి వెళ్లిందో తెలియకుండా డబ్బా మూత తీయడానికి వీల్లేదు!

రంగు ఒక్కటేనా? 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. మలయా రబ్బరు తోటలు అప్పటికే పోయాయి. ఆ దెబ్బ ఎక్కడో బర్మింగ్‌హామ్‌లో తయారయ్యే మోటార్‌సైకిల్ మీదా పడింది. హ్యాండిల్‌కు రబ్బరు పిడుల బదులు కాన్వాస్ గుడ్డ చుట్టిన పిడులు వచ్చాయి. కాళ్లు పెట్టుకునేచోట రబ్బరు పోయి ఉత్త ఇనుము మిగిలింది. హెడ్‌లైట్‌కు మాత్రం ముసుగు ఉండేది, పైనుంచి శత్రు విమానాలకు వెలుగు కనబడకుండా!

కాబట్టి 1940 నాటి ఎం20కి కాన్వాస్ పిడులు పెట్టినా తప్పే. 1943 నాటి దానికి నున్నటి రబ్బరు పిడులు తొడిగినా తప్పే. రెండూ చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ మొదటిది జరగని చరిత్ర చెబుతుంది. రెండోది జరిగిన చరిత్రను చెరిపేస్తుంది. కంపెనీ కొలతల ప్రకారం చేయాలని పట్టుబట్టడం వెనక ఉన్న అసలు సంగతి ఇదే.

నంబరు చెప్పే కథ

మరి బండి వయసు తెలిసేదెలా? పని పానాతో కాదు, భూతద్దంతో మొదలవుతుంది. ఇంజిన్ మీద ఒకటి, ఫ్రేము మీద ఒకటి నంబర్లు చెక్కి ఉంటాయి. యుద్ధకాలపు ఎం20 అయితే ఆ నంబరు ముందు 'డబ్ల్యూఎం20' అని ఉంటుంది. పైపూతలు జాగ్రత్తగా గీకితే, పెట్రోలు ట్యాంకు మీద 'సి' అక్షరంతో మొదలయ్యే సైన్యం నంబరూ బయటపడొచ్చు.

ఇంజిన్ నంబరు, ఫ్రేము నంబరు ఒకటి కాలేదని చాలామంది కంగారుపడతారు. బీఎస్ఏలో ఆ రోజుల్లో ఆ రెండూ వేర్వేరు వరసలే. ఏ ఇంజిన్‌ను ఏ ఫ్రేముకు బిగించారో కంపెనీ రిజిస్టర్లలో రాసుకునేవారు. కంపెనీలు మూతపడినా ఆ రిజిస్టర్లు కొన్ని బతికాయి. బ్రిటన్‌లో 1946లో మొదలైన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బు గ్రంథాలయంలో బీఎస్ఏ, ట్రయంఫ్ వంటి కంపెనీల పాత పద్దులు భద్రంగా ఉన్నాయి. నంబరు పంపితే, బండి ఏ రోజున ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిందో, ఎవరికి వెళ్లిందో వెతికి చెబుతారు. ముత్తాత పుట్టినరోజు దొరికినంత సంబరం అది!

సైన్యం బండ్లతో ఇంకో పేచీ. వర్క్‌షాపులో పది బండ్లు ఒకేసారి విప్పి, బాగుచేసి, అందిన ఇంజిన్‌ను అందిన ఫ్రేములో బిగించి పంపేసేవారు. అది తప్పు కాదు, ఆనాటి అవసరం. కాబట్టి అలాంటి బండికి 'పుట్టుక' ఒకటి, 'జీవితం' ఒకటి. దేన్ని నిలబెట్టాలో యజమానే తేల్చుకోవాలి.

మన పానా పట్టదు!

రంగు, వయసు తేలాయి. ఇక విప్పడం. ఇక్కడ మన మెకానిక్ షెడ్డులో మొదటి ఇబ్బంది ఎదురవుతుంది. పెట్టెలోని పానాల్లో ఏ ఒక్కటీ బోల్టుకు సరిగా కూర్చోదు. 12 వదులు, 11 పట్టదు. ఎందుకంటే ఇవి మిల్లీమీటర్ల బోల్టులు కావు.

జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు 1841లో మరలకు ఒక కొలత పెట్టాడు. మర పల్లు కోణం 55 డిగ్రీలు. ఇప్పుడు మనం వాడే మెట్రిక్ మరలకు 60. పైగా విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె బోల్టు తలది కాదు, దాని కాడ మందానిది! ఇవి కాక సైకిల్ మరలని మరో రకం... అంగుళానికి 26 చుట్లు. ఒకే బండిలో ఈ రకాలన్నీ కలిసి ఉంటాయి. తెలియక మెట్రిక్ పానాతో బలంగా తిప్పితే బోల్టు తల గుండ్రబడిపోతుంది. తెలియక మెట్రిక్ బోల్టును ఎక్కిస్తే కేసింగు లోపలి మరలే పాడైపోతాయి. ఎనభై ఏళ్లు బతికిన భాగం అయిదు నిమిషాల్లో పనికిరాకుండా పోతుంది.

అందుకే అనుభవజ్ఞులు విప్పేముందు ప్రతి కోణం నుంచీ ఫొటోలు తీస్తారు. ఏ బోల్టు ఎక్కడిదో చీటీ రాసి కవర్లో వేస్తారు. తుప్పుతో బిగుసుకున్న చోట నూనె పోసి రోజుల తరబడి ఆగుతారు. సుత్తి దెబ్బతో గంటలో అయ్యే పనికి వారం తీసుకోవడమే ఇక్కడ పనితనం!

ఇంజిన్ విషయానికొస్తే, సిలిండర్ అరిగితే మళ్లీ బోరింగు చేయించి, కాస్త పెద్ద పిస్టన్ వేస్తారు. ఇది మోసం కాదు. ఈ అవసరం వస్తుందని కంపెనీయే ముందే ఊహించి పెద్ద సైజు పిస్టన్లు అమ్మేది. అయితే 'పనిలో పనిగా కంప్రెషన్ పెంచేద్దాం, బండి ఉరుకుతుంది' అనుకుంటే మాత్రం దారి తప్పినట్టే. యుద్ధకాలంలో దొరికిన నాసిరకం పెట్రోలుతోనూ నడవాలని ఆ ఇంజిన్‌కు చాలా తక్కువ కంప్రెషన్ పెట్టారు. ఆ నెమ్మదితనమే దాని గుణం.

చల్లగా ఉంటే సై... వేడెక్కితే నై!

పాత ఇంగ్లిష్ బండ్లన్నిటినీ ఏడిపించే రోగం ఒకటుంది. పొద్దున్నే ఒక్క కిక్కుకే లేస్తుంది. అయిదారు కిలోమీటర్లు వెళ్లాక ఆగిపోతుంది. అరగంట చల్లారితే మళ్లీ మామూలే! కార్బ్యురెటర్ ఎన్నిసార్లు కడిగినా తగ్గదు. చాలాసార్లు నేరం మాగ్నెటోది.

ఈ బండ్లలో నిప్పురవ్వ పుట్టించడానికి బ్యాటరీ అక్కర్లేదు. అయస్కాంతంతో తనంత తానే కరెంటు పుట్టించుకునే మాగ్నెటో ఉంటుంది. లైట్లకు కావాల్సిన డైనమోను కూడా దాని నెత్తినే కూర్చోబెట్టి లూకాస్ కంపెనీ 'మాగ్‌డైనో' చేసింది. లోపలి తీగచుట్టకు లక్కతో పూత వేసేవారు. దశాబ్దాల వేడికి ఆ లక్క మెత్తబడి కారుతుంది, ఒక్కోసారి తిరిగే భాగాన్నే పట్టేస్తుంది. దాని లోపలే దాగి ఉండే కండెన్సర్ ముసలిదైతే వేడెక్కగానే చేతులెత్తేస్తుంది.

ఇప్పుడేం చేయాలి? మాగ్నెటో తీసి అవతల పడేసి కాయిల్, బ్యాటరీ పెట్టేస్తే రోగం వదులుతుంది. కానీ బండి మారిపోతుంది. మాగ్నెటోను అలాగే ఉంచి, లోపలి తీగ మాత్రం కొత్తగా చుట్టించి, ఈ కాలపు కండెన్సర్ కనబడకుండా పెడితే? పైకి 1940, లోపల నేటి పనితనం. కరడుగట్టిన ఛాందసులు దీనికీ ముఖం చిట్లిస్తారు. కానీ బండి రోడ్డు మీద తిరగాలనుకునేవారిలో చాలామంది దీన్ని ఒప్పుకుంటారు. 'అవసరమైతే రేపు మళ్లీ పాతదానికి వెళ్లగలిగేలా ఉండాలి' అన్నదే వారి గీత.

కొన్ని చోట్ల పాతది వద్దనడమే ధర్మం. ఆనాటి బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని తేలాక బ్రిటన్ 1999లో నిషేధించింది. ఒరిజినల్ కోసమని ఎవరూ దాన్ని తెచ్చి వేయరు, వేయకూడదు కూడా. టైర్లూ అంతే. చూడ్డానికి గట్టిగా ఉన్నా ముసలి రబ్బరును నమ్మి రోడ్డెక్కకూడదు. పాత అచ్చులో పోసిన కొత్త టైర్లు ఉన్నాయి. ఇక పెట్రోలు. 2025 నాటికి మన దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకే పాత బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకు, కార్బ్యురెటర్ ఖాళీ చేయక తప్పదు.

మెరిసేదంతా క్రోమ్ కాదు

ప్రదర్శనల్లో తళతళలాడే పాత బండ్లను చూసి అందరూ ఆహా అంటారు. తెలిసినవాళ్లు మాత్రం నుదురు ముడుస్తారు. క్రోమ్ పూత మోటార్‌సైకిళ్లకు వచ్చింది 1920ల చివర్లో. అంతకుముందు ఉన్నది నికెల్. క్రోమ్ మెరుపులో చల్లటి నీలం ఛాయ ఉంటే, నికెల్ మెరుపులో వెచ్చటి పసుపు ఛాయ ఉంటుంది. 1924 నాటి బండికి క్రోమ్ పూత వేయడమంటే నూరేళ్ల కిందటి పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకు చేతికి సెల్‌ఫోన్ ఇవ్వడమే!

ఫ్రేముకు నల్ల ఎనామెల్ పూసి, పెద్ద ఓవెన్‌లో పెట్టి కాల్చేవారు. ఈ కాలపు పౌడర్ కోటింగ్ గట్టిదే. కానీ మందంగా పరుచుకుని అంచులన్నిటినీ మింగేస్తుంది. ట్యాంకు మీది సన్నగీతలు స్టిక్కర్లు కావు. పొడవాటి వెంట్రుకల బ్రష్షుతో, చెయ్యి వణక్కుండా, ఒక్క ఊపులో గీసినవి. దగ్గరగా చూస్తే గీత ఓచోట సన్నగా, ఓచోట లావుగా ఉంటుంది. యంత్రంతో తిన్నగా గీస్తే ఆ మనిషి చెయ్యి మాయమైపోతుంది.

ఇంకో తమాషా. ఎంత బాగా బిగించినా ఈ ఇంజిన్లు అక్కడక్కడా నూనె కారుస్తాయి. 'ఇంగ్లిష్ బండి కింద నూనె చుక్క లేదంటే, లోపల నూనె అయిపోయిందని అర్థం' అని సరదాగా అంటుంటారు!

ఒరిజినల్... ఒక్కసారే!

2016 ఏప్రిల్. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌లో వేలంపాట. కార్న్‌వాల్ ప్రాంతంలోని బాడ్మిన్ మూర్‌లో యాభై ఏళ్లకు పైగా కొట్టాల్లో మూలపడి ఉన్న ఎనిమిది బ్రఫ్ సుపీరియర్ బండ్లు పాటకు వచ్చాయి. వాటి అవతారం చూస్తే తుక్కు కొనేవాడు కూడా బేరమాడతాడు. తుప్పు, దుమ్ము, ఊడిపోయిన భాగాలు. కానీ ఒక్కటే బండి... ఆస్టిన్ కారు ఇంజిన్‌తో, వెనక రెండు చక్రాలు పక్కపక్కనే ఉండేలా, మొత్తం పదే పది తయారైన రకం... 3,31,900 పౌండ్లకు అమ్ముడైంది. అప్పటి లెక్కన మన రూపాయల్లో మూడు కోట్ల పైమాటే!

ఎందుకంత ధర? ఎవరూ దాన్ని 'బాగు' చేయలేదు కాబట్టి! మళ్లీ వేసిన రంగు ఎంత అందమైనదైనా అది మళ్లీ వేసినదే. కంపెనీ వేసిన రంగు గీకేస్తే ఇక ఎప్పటికీ తిరిగి రాదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 'ఫివా' 2012లో ఆమోదించిన టూరిన్ ఒడంబడిక చెప్పేదీ ఇదే. ముందు కాపాడండి, తప్పనప్పుడే మార్చండి. మార్చినదేదో తర్వాతివాళ్లకు తెలిసేలా రాసిపెట్టండి.

ఆ చివరి మాటకు ఇంకో కారణమూ ఉంది. పాత బండ్లకు డబ్బు వచ్చిపడటంతో దొంగ ఒరిజినల్స్ కూడా పుట్టుకొచ్చాయి. 1937లో బ్రూక్‌ల్యాండ్స్ ట్రాకు మీద గంటకు వంద మైళ్లు దాటిన బీఎస్ఏ బండికి బంగారు నక్షత్రం బ్యాడ్జి దక్కింది. మరుసటేడు వచ్చిన 'గోల్డ్ స్టార్' మోడల్‌కు పేరు దాని నుంచే వచ్చింది. దానికున్న గిరాకీ చూసి, మామూలు బీఎస్ఏలకు ముస్తాబు చేసి గోల్డ్ స్టార్లుగా అంటగట్టేవాళ్లు తయారయ్యారు. నంబర్లు చెరిపి మళ్లీ కొట్టినవీ ఉంటాయి. అందుకే బండి కన్నా ముందు కాగితాలు చూడమంటారు.

ఇప్పుడు బర్మింగ్‌హామ్ మ్యూజియం ప్రశ్నకు వద్దాం. కాలిపోయి మళ్లీ లేచిన బండ్లు పాతవా, కొత్తవా? అక్కడ కాపాడటానికి పాత రంగు మిగల్లేదు. కంపెనీ కొలతలను నమ్ముకోవడం తప్ప దారి లేదు. బాడ్మిన్ మూర్ బండ్ల విషయం వేరు. అక్కడ తుప్పు కిందే అసలు రంగు ఉంది. ఏది చేయాలన్నది బండిని బట్టి ఉంటుంది. పోయినదాన్ని తిరిగి తేవడం ఒక విద్య, ఉన్నదాన్ని పోగొట్టకపోవడం అంతకన్నా పెద్ద విద్య.

మన పాత షెడ్లలో...

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ఇంగ్లిష్ బండ్లు మన రోడ్ల మీదికీ వచ్చాయి. ఆ తర్వాత 1955లో మద్రాస్ మోటార్స్ సంస్థ ఇంగ్లండ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో చేతులు కలిపి తిరువొత్తియూరులో బుల్లెట్ల తయారీకి దిగింది. ఇంగ్లండ్‌లో ఆ కంపెనీ 1970లో మూతపడింది. బుల్లెట్టు మాత్రం మన దగ్గర ఆగలేదు. ఆంపియర్ మీటరు ముల్లు మధ్యలోకి తెచ్చి, డీకంప్రెసర్ నొక్కి, ఒక్క కిక్కు కొట్టడం... కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు... తాతల నాటి బుల్లెట్టు నడిపినవాళ్లకు ఇవన్నీ ఇంగ్లండ్ నుంచి వచ్చిన అలవాట్లే!

విడిభాగాలు రావడం ఆగిపోయాక మన మెకానిక్కులు ఊరుకోలేదు. లేత్ మెషీన్ మీద బుష్‌లు తిప్పారు. బుల్లెట్టు కార్బ్యురెటర్ తెచ్చి పాత ఇంగ్లిష్ బండికి తగిలించారు. పట్టీ వెల్డింగు చేసి లైటు నిలబెట్టారు. ఆ పనే లేకపోతే చాలా బండ్లు ఎప్పుడో తుక్కుకు పోయేవి. ఇప్పుడు అసలు రూపు కోసం వాటిని తీసేయాల్సి వచ్చినా పారేయకుండా చీటీ రాసి దాచడం మర్యాద. ఆ బండి జీవితంలో వాళ్లదీ ఓ అధ్యాయం.

చట్టం కూడా ఇప్పుడు 'అసలు రూపు' గురించి మాట్లాడుతోంది. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. షరతు ఒక్కటే... అది మూల రూపంలో ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలాంటి వాహనానికి నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా నమోదుకు రూ.20 వేలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ.5 వేలు రుసుముగా నిర్ణయించారు. ఈ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్తామంటే కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు... వీటికే రోడ్డెక్కాలి.

పేర్లు అక్కడివి... పగ్గాలు ఇక్కడివి!

ఇంగ్లిష్ బండ్ల కథలో అసలు మలుపు ఇది. ఒకప్పుడు మనం దిగుమతి చేసుకున్న పేర్లు ఇప్పుడు చాలావరకు మన కంపెనీల చేతుల్లో ఉన్నాయి.

రాయల్ ఎన్‌ఫీల్డ్: 1901లో తొలి మోటార్‌సైకిల్ చేసింది. 1994 నుంచి ఐషర్ సంస్థది.

బీఎస్ఏ: 1970ల మొదట్లో కుప్పకూలింది. మహీంద్రా వాటా ఉన్న క్లాసిక్ లెజెండ్స్ 2016లో పేరు కొనుక్కుంది. కొత్త గోల్డ్ స్టార్ 2024లో మన దేశంలో విడుదలైంది.

నార్టన్: 1898లో మొదలైంది. 2020లో టీవీఎస్ 1.6 కోట్ల పౌండ్లకు కొనేసింది.

ట్రయంఫ్: ఇంకా ఇంగ్లండ్ సంస్థే. కానీ బజాజ్‌తో కలిసి 2023 నుంచి 400 సీసీ బండ్లను మన దగ్గర తయారు చేయిస్తోంది.

మీ ఇంట్లో పాత బండి ఉందా?

- ముందు ఏమీ చేయకండి! కడగడం, గీకడం, రంగు వేయడం తర్వాత. ఉన్నది ఉన్నట్టుగా అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి.

- ఇంజిన్, ఫ్రేము నంబర్లు రాసుకోండి. వాటి మీద ఇసుక కాగితం రుద్దొద్దు, రంగు పూయొద్దు.

- పాత ఆర్‌సీ, పన్ను రసీదులు, బండి పక్కన తాతయ్య దిగిన ఫొటో... ఏదీ పారేయొద్దు. ఆ ఫొటోలో కనబడే లైటు, సీటు, అద్దమే రేపు సాక్ష్యం.

- ఏళ్లతరబడి నిలిచిన ఇంజిన్‌ను ఒక్కసారిగా కిక్కు కొట్టొద్దు. స్పార్క్ ప్లగ్గు విప్పి, సిలిండర్‌లోకి కాస్త నూనె పోసి, కొన్నాళ్లు ఆగి నెమ్మదిగా తిప్పించండి.

- తీసిన ప్రతి పాత భాగాన్నీ చీటీతో దాచండి. పనికిరాని భాగం కూడా కొత్తది చేయడానికి కొలతగా పనికొస్తుంది.

- ఆ బండి నడిపిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ముందు వాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఏ రంగుండేది, ఎవరు బాగుచేసేవారు, ఎక్కడ పడ్డారు... ఇవేవీ ఏ కంపెనీ రిజిస్టర్లోనూ దొరకవు.